చివరి పది నిమిషాలు

గోడలకు చెవులుంటాయంటారు.
నా కొట్టు వెనక గోడకి నోరుంది.
బోబో-జులాసోలో, రైల్వే స్టేషనుకి పోయే దారిలో,
పైకప్పు లేని సినిమా హాలుకి అవతలి పక్క
ఇరవై రెండేళ్లుగా కాఫీ కలుపుతున్నాను.
ఒక్క బొమ్మా కళ్లతో చూడలేదు.
ఆట నడిచేవేళే కదా
ఉల్లిపాయలు తరగాలి, పొయ్యి ఎగదోయాలి,
వదలగానే ఆకలితో వచ్చి పడతారు.

నిన్న రాత్రి ఆట వదల్లేదు.
వాన వదిలించింది.
తెర మీద బస్సు డ్రైవరు తలుపు తట్టాడో లేదో
ఆకాశం తెరుచుకుంది.
ఇనప కుర్చీలు నెత్తిన పెట్టుకుని జనం పరుగు.
నా రేకు కింద పదకొండుమంది,
బల్ల మీద నలుగురికే చోటు.

కథ ఎప్పటిలాగే ముక్కలుగా అందింది:
ఎవరో ఆవిడ బస్సులో ఎర్ర పెట్టె మరిచిపోయింది.
డ్రైవరు దాన్ని పట్టుకుని ఊరూరా తిరిగాడు.
ఉద్యోగం పోయింది. గడ్డం పెరిగింది.
చివరికొక నీలం తలుపు.
ఆపైన వాన.

"తెరుచుకోదు," అన్నాడు కర్ఫాలా,
మోపెడ్లు విప్పే చేతుల గ్రీజు నా గ్లాసుకి అంటిస్తూ.
"డీజిల్ బస్సుకి పెట్రోలు బండి చప్పుడు అతికించారు.
అంత అబద్ధమాడినవాళ్లు
మంచి ముగింపు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అజారా ఒప్పుకోలేదు. బట్టల కొట్టు ఆమెది.
"కిటికీకి కట్టిన గుడ్డ చూశావా?
మొదట్లో ఆవిడ ఒంటి మీదున్నదే,
పసుప్పచ్చ మీద గినీకోళ్లు, అంచు దగ్గర అచ్చు జరిగింది.
ఆ తాను నేనూ అమ్మాను, నష్టానికి.
ఇల్లు ఆవిడదే."
కర్ఫాలా కాఫీ ఊదుకున్నాడు.
కిటికీ ఉందనే అతనికి తెలీదు.

లొంపో మాస్టారు చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.
పెట్టె విప్పి చూపకపోవడమే గొప్ప అన్నాడు,
పెట్టె అంటే జ్ఞాపకం అన్నాడు, కాదు, మరణం అన్నాడు,
మూడో గ్లాసుకి దేశం అన్నాడు.
డబ్బులు మాత్రం రేపన్నాడు.

సిరికికి పదమూడేళ్లు, టికెట్టు కొనడు, చెట్టెక్కి చూస్తాడు.
ఏమీ అనలేదు.
నా ఉల్లిపాయల బుట్ట ఎత్తుకున్నాడు,
కుడి భుజం కుంగేలా నడిచాడు,
కొట్టు తలుపు ముందు ఆగి
లేని కాలరు సరిచేసుకున్నాడు.
తట్టబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
కాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
"సినిమాలో ఇలా లేదురా," అన్నాడు కర్ఫాలా మెల్లగా.
"చెట్టు మీంచి ఇలాగే ఉంది."

వాళ్లకి తెలియనిది ఒకటుంది.
జనం పారిపోయినా ఆపరేటరు మెషీను ఆపలేదు.
ఖాళీ కుర్చీలకి, తడిసిన గోడకి,
చివరిదాకా వేశాడు.
వీళ్లు నువ్వెంతంటే నువ్వెంతని అరుచుకుంటుంటే
విన్నది నేనొక్కదాన్నే.
గడియ తీసిన చప్పుడు.
తర్వాత ఒక ఆడగొంతు,
నవ్విందో, ఏడ్చిందో,
అప్పుడే గుడ్డు నూనెలో పడింది.

"తంతీ, ఇన్నేళ్లుగా వింటున్నావు, నువ్వు చెప్పు," అంది అజారా.
"ఒక గుడ్డా, రెండా?" అన్నాను.

ఇవాళ మళ్లీ అదే బొమ్మ, సగం ధరకి.
కర్ఫాలా కిటికీ కోసం పోతున్నాడట,
అజారా ఇంజను కోసం.
నాకూ ఒక టికెట్టు తెచ్చి చక్కెర డబ్బా కింద పెట్టారు.
తూర్పున మబ్బు కడుతోంది.
కాసేపు కొట్టు చూసుకోరా అని సిరికిని పిలిస్తే
వాడు అప్పుడే
చెట్టు మీదున్నాడు.